రేవు నోట్లో రెండు ఓడలు

విశాఖపట్నంలో ఓడెక్కి ఒకటి రెండు రాత్రులు సముద్రమ్మీద గడిపి వద్దామనుకునేవాళ్లకి ముందుగా ఒక మాట. గదిలో సామాను పడేసి సరాసరి భోజనాల హాల్లోకి పోకండి. టికెట్లోనే తిండి కలిసుంది కదా అని అందరూ అటే నడుస్తారు. పిల్లలు ఈతకొలను దగ్గరికి, పెద్దలు పళ్లేల దగ్గరికి. ఓడ కట్లు విప్పుకుని రేవు దాటేది సరిగ్గా అప్పుడే. ఆ ప్రయాణం మొత్తమ్మీద చూడదగ్గ పనితనం ఆ కాసేపట్లోనే రెండు పక్కలా దాటిపోతుంది. ఆ తర్వాత మిగిలేవి నీళ్లు, చుక్కలు, పాటల కచేరీలు. అవీ బాగానే ఉంటాయి గానీ వాటి సంగతి చెప్పడానికి ఓడ కంపెనీవాళ్లు ఉన్నారు.

ఈమధ్య మనవాళ్లు వియత్నాం బాగా వెళ్తున్నారు. హాలాంగ్ అఖాతంలో ఒక రాత్రి పడవలోనే పడుకుని, తెల్లారి నీళ్లలోంచి నిలువుగా లేచిన సున్నపురాయి దీవుల మధ్య ఫొటోలు దిగి వస్తున్నారు. దాదాపు రెండు వేల దీవులు. యునెస్కో 1994లోనే వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఆ రాత్రి అంత హాయిగా గడవడానికి కారణం పడవ కాదు, రాయి. సున్నపురాయి వానకి కరుగుతుంది. గాల్లోని బొగ్గుపులుసు వాయువుని కలుపుకున్న వాననీరు లక్షల ఏళ్లపాటు ఆ రాతిని తినేసి, లోయలు తవ్వి, మధ్యమధ్య మొనల్ని మిగిల్చింది. తర్వాత సముద్రమట్టం పెరిగి ఆ లోయలు నీటితో నిండాయి. దీవి వెనక దీవి అడ్డంగా ఉండటంతో బయటి కెరటం లోపలికి రాలేదు. పడవ ఎక్కడ లంగరేసినా ఊరి చెరువులో నిలబెట్టినట్టే ఉంటుంది.

విశాఖ తీరానికి ఆ భాగ్యం లేదు. ఇక్కడి కొండలు తూర్పు కనుమల ఖోండలైట్ రాయి. గార్నెట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్ కలిసిన గట్టి రాయి. ఎండకీ వానకీ ఎర్రబడుతుంది, పగుళ్లిస్తుంది, పెళ్లలుగా రాలుతుంది, అంతే. కరిగి దీవులుగా విడిపోయే గుణం దానికి లేదు. డాల్ఫిన్స్ నోస్ అని మనం పిలిచే యారాడ కొండ కొస ఒక్కటే ధైర్యం చేసి సముద్రంలోకి ముక్కు చాపింది. మిగతా తీరం చాలావరకు కెరటానికి ఎదురుగా తెరిచిపెట్టిన ఇసుకే.

సున్నపురాయి మన జిల్లాల్లో లేకపోలేదు. అది కొండల్లోనే ఉండిపోయింది. బొర్రా గుహలు చేసింది ఆ రాయీ ఆ వాననీరే. హాలాంగ్‌లో పైకి కనిపించే పని ఇక్కడ కొండ కడుపులో జరిగింది. గోస్తనీ నది ఆ కొండల్లోనే పుట్టి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది కాబట్టి, కరిగిన సున్నం కాస్తో కూస్తో మన తీరానికీ చేరుతూనే ఉంటుందనుకోవాలి. దీవులు మాత్రం రాలేదు. ప్రకృతి అక్కడ ఉచితంగా కట్టిచ్చిన అడ్డుగోడని ఇక్కడ మనుషులు డబ్బు పెట్టి, లెక్కలు వేసి, చెమటోడ్చి కట్టుకోవాల్సి వచ్చింది. ఓడ మీంచి చూడమంటున్నది ఆ కట్టడాన్నే.

రేవు లేని రోజుల్లో ఇక్కడ ఓడెక్కడం ఎలా ఉండేదో తెలిస్తే గానీ దాని విలువ తెలియదు. పొగ ఓడలు తీరానికి దూరంగా, బయట నీళ్లలో లంగరేసి నిలబడేవి. మనిషైనా మూటైనా ఒడ్డు నుంచి మసూలా పడవలో వెళ్లాల్సిందే. ఆ పడవ కూడా గొప్ప పనే. పలకల్ని మేకులతో బిగించరు. అంచుల వెంట బెజ్జాలు తొలిచి, కొబ్బరితాడుతో కుట్టేస్తారు. అతుకుల్లో ఎండుగడ్డి, పీచు కూరుతారు. మేకులు కొట్టిన బిరుసు పడవని మన తీరపు కెరటం రెండుసార్లు నేలకేసి కొడితే అతుకులు విడిపోతాయి. కుట్టిన పడవ అయితే దెబ్బ తగిలినప్పుడల్లా కాస్త వంగి, సాగి, మళ్లీ తన రూపానికి వస్తుంది. నీళ్లు కారుతూనే ఉంటాయి, ఒకడు తోడుతూనే ఉంటాడు. బట్టలు తడవకుండా ఓడెక్కిన దొరలు అరుదు. ఆ తడిసిన చిరాకులో వాళ్లు రాసుకున్న తిట్లు పాత పుస్తకాల్లో బోలెడు. పడవ కుట్టినవాడి పేరు మాత్రం ఎక్కడా రాయలేదు.

ఇప్పుడున్న పట్నానికీ డాల్ఫిన్స్ నోస్‌కీ మధ్య అప్పట్లో ఒక ఉప్పుటేరు, దాని వెనక బురద మడుగు ఉండేవి. కెరటాలు తెచ్చి పోసిన ఇసుక దిబ్బ ఏటి నోటికి అడ్డంగా ఉండేది. బ్రిటిష్ నౌకాదళ శాఖకి చెందిన కల్నల్ హెచ్. కార్ట్‌రైట్ రీడ్ ఈ మడుగుని తవ్వి లోపలే రేవు చేయవచ్చని ప్రతిపాదించాడు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక గానీ ప్రభుత్వం దానికి ఊ కొట్టలేదు. మధ్యపరగణాల మాంగనీసు ఖనిజానికి సముద్రపు దారి కావాలి, అదీ అసలు అవసరం. 1927 నుంచి 1933 దాకా బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ పని చేయించింది. 378 లక్షల రూపాయలు ఖర్చయింది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. లాంఛనం కంటే రెండు నెలల ముందే పని మొదలైపోయింది, మంచి రేవుల లక్షణమే అది.

మడుగు తవ్వడం కష్టమే కానీ అంతుపట్టని విద్య కాదు. తవ్విన బురదని పక్కనే పోసి నేల చేసుకున్నారు, దాని మీదే గోదాములు, రైలు పట్టాలు లేచాయి. అసలు చిక్కు బయట ఉంది. ఈ తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. ఏడాదిలో ఎక్కువ నెలలు కెరటాలు నైరుతి వైపు నుంచి ఏటవాలుగా వచ్చి ఒడ్డుని తాకుతాయి. తాకిన ప్రతిసారీ గుప్పెడు ఇసుకని లేపి ఇంకాస్త ఉత్తరానికి జరుపుతాయి. ఈశాన్య గాలులు వీచే నెలల్లో కొంత వెనక్కి వస్తుంది గానీ, ఏడాది లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. అదీ లక్షల టన్నుల్లో. అంత ఇసుక నడిచే దారికి అడ్డంగా కాలువ తవ్వితే ఒక వానాకాలం తిరిగేసరికి పూడిపోతుంది. పోనీ సముద్రంలోకి అడ్డుగోడ కడదామా అంటే, మద్రాసు అనుభవం కళ్లముందే ఉంది. అక్కడ 1870లలో రేవు గోడలు మొదలుపెట్టారు. ఇసుక వచ్చి గోడకి దక్షిణాన మేట వేసింది. ఇప్పుడు జనం ఐస్‌క్రీము తింటూ నడిచే మెరీనా బీచి అంత వెడల్పవడంలో ఆ గోడ చలవ చాలా ఉంది. ఉత్తరాన రాయపురం వైపు తీరానికి రావలసిన ఇసుక రాక, సముద్రం ఒడ్డుని కోసుకుంటూ పోయింది. ఒకచోట ఆపిన ఇసుక ఇంకోచోట అప్పుగా మిగిలిపోతుందన్నమాట.

విశాఖ ఇంజినీర్లు ఇక్కడ చూపించిన తెలివి నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. ఇసుకని ఆపలేదు. దానికి కాసేపు కూర్చునే చోటు చూపించారు. కాలువ నోటికి దక్షిణంగా, డాల్ఫిన్స్ నోస్ పాదం దగ్గర, ఒడ్డుకి తగలకుండా విడిగా ఒక అడ్డుకట్ట వేశారు. నీళ్ల మధ్య దీవిలాగా ఉండే కట్ట. దాని వెనక కెరటం బలం తగ్గుతుంది. బలం తగ్గిన నీరు మోసుకొచ్చిన ఇసుకని అక్కడే వదిలేస్తుంది. కాలువలో పడాల్సింది ఈ చాటున పడుతుంది. అదే చాటున డ్రెడ్జరు కూడా కెరటాల భయం లేకుండా నిలబడి, పడ్డ ఇసుకని తోడి కాలువకి ఉత్తరాన పోస్తుంది. అక్కణ్నుంచి అది మళ్లీ తన నడక తాను సాగిస్తుంది. ఇసుకకి ప్రయాణం ఆగలేదు, ఓడకి దారి పోలేదు.

ఆ కట్టని దేంతో వేశారు? ఓడలతో. జానస్, వెలెడ్‌సన్ అని రెండు పాత ఓడల్ని తెచ్చి, అనుకున్న చోట ఒకదాని కొసకి ఇంకొకటి వచ్చేలా నిలిపి, కావాలనే ముంచేశారు. రాళ్లు నింపారు. ఎత్తైన కెరటాలుండే చోట బయట నీళ్లలో గోడ కట్టాలంటే ఏళ్లు పడుతుంది. నిన్న వేసిన రాయిని ఇవాళ్టి పోటు దొర్లించుకుపోతుంది. అదే ఒక ఓడని తెచ్చి దించితే, కొన్ని గంటల్లో వందల అడుగుల గోడ సిద్ధం. చెప్పడం తేలిక. చేసేవాడి స్థితి చూడండి. ఓడ తేలుతూ ఉన్నంతసేపూ అది గాలి మాటా నీటి మాటా వింటుంది. ముంచేటప్పుడు ముందు కొస ఒక క్షణం ముందు దిగితే చాలు, మొత్తం ఓడ తిరిగి అడ్డం పడుతుంది. పడ్డాక లేపి సరిచేసే అవకాశం లేదు. తప్పు జరిగితే రేవు నోటికి రక్షణ బదులు ఒక శిథిలం మిగులుతుంది. మామూలుగా ఓడ పనిలో నైపుణ్యమంటే మునగకుండా చూడటం. ఇక్కడ సరిగ్గా మునిగేలా చూడటం. అలాంటి పని రెండుసార్లు చేసి, రెండుసార్లూ గెలిచారు. సరుకు మోసి అలసిపోయి తుక్కుకి పోవలసిన రెండు ఓడలు విశాఖ రేవుకి కాపలాగా కూర్చున్నాయి. వాటి పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇవాళ ఊళ్లో ఎంతమంది ఉన్నారు?

ఈ సముద్రం అడుగున ఉన్న మూడో ఓడ పేరు మాత్రం అందరికీ తెలుసు. 1971 యుద్ధంలో విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. దాని మీద సినిమా వచ్చింది, బీచి రోడ్డులో విజయస్తంభం ఉంది. శత్రువు ఓడకున్న గుర్తింపు సొంత ఓడలకి లేకపోవడం చిత్రమే.

ఇప్పుడు ప్రయాణికుల ఓడ ఆగేది ఆ పాత లోపలి రేవులో కాదు. బయటి రేవులో. దాని కథకి మళ్లీ బొర్రా కొండల దాకా వెళ్లాలి. బస్తర్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి 1960లలో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు. అరకు వెళ్లేటప్పుడు పిల్లలు కిటికీల దగ్గర కూర్చుని లెక్కపెట్టే 58 సొరంగాలు ఆ మార్గంలోవే. బొర్రా గుహలు స్టేషను కూడా దాని మీదే. ఖనిజం కొండ దిగివచ్చింది గానీ, దాన్ని మోసే పెద్ద ఓడలు లోపలి కాలువలోకి పట్టలేదు. లక్ష టన్నుల ఓడలు రావాలంటే లోతు కావాలి, విశాలం కావాలి. అందుకే సముద్రంలోకే గోడలు చాపి 1976లో బయటి రేవుని సిద్ధం చేశారు. దక్షిణపు గోడ 1,543 మీటర్లు, తూర్పుది 1,070, ఉత్తరానిది 412. ఈ మూడు గోడల మధ్య దాదాపు 200 హెక్టార్ల నీరు నిలకడగా ఉంటుంది. ఖనిజపు ఓడల కోసం చేసిన ఆ నిలకడలోనే ఇవాళ ఈతకొలనులున్న ఓడ నిలబడుతోంది. ఎర్రదుమ్ముకి రుణపడ్డ విలాసం!

ఓడ కదలగానే కుడి ఎడమల చూపు ఆ గోడల మీద నిలపండి. పైకి కనిపించేవి నాలుగు కాళ్ల కాంక్రీటు దిమ్మెలు, టెట్రాపాడ్లు. బీచికి పోయి ఫొటోలు దిగేవాళ్లు వాటిని ఊరికే పారబోసిన రాళ్లనుకుంటారు. 1950లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ ప్రయోగశాలలో పుట్టిన ఆకారమది. అంతకుముందు కెరటాన్ని ఆపాలంటే నిలువు గోడ, లేదా పెద్ద పెద్ద బండలు. నిలువు గోడకి తగిలిన కెరటం బలం చావకుండా వెనక్కి తిరుగుతుంది, గోడ పునాది దగ్గర ఇసుకని తవ్వేస్తుంది. బండలు ఎంత పెద్దవైనా దొర్లుతాయి. టెట్రాపాడ్ ఎలా పడ్డా మూడు కాళ్ల మీద నిలబడుతుంది, నాలుగోది పైకి ఉంటుంది. పక్కదాని కాలు దీని కాళ్ల సందులోకి దూరుతుంది. ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మధ్యలో బోలెడు ఖాళీ. కెరటం గోడని కొట్టదు, గోడలోకి దూరుతుంది. లోపల వెయ్యి దారులు కనిపించేసరికి ముక్కలైపోతుంది. గర్జనతో వచ్చినది నురగగా జారిపోతుంది.

ఆ పైపొర కింద ఉన్నది ఇంకా ముఖ్యం. నడిమధ్య చిన్న రాళ్ల గుట్ట. దాని మీద కాస్త పెద్ద రాళ్లు. ఆ మీద ఇంకా పెద్దవి. చివరగా ఈ నాలుగు కాళ్లవి. కింది పొర రాయి పై పొర సందుల్లోంచి జారిపోకూడదు, అదీ లెక్క. క్రేనుతో ఒక్కొక్క దిమ్మెనీ ఎత్తి, ముందుగా గీసుకున్న చోట దించుతారు. చూడటానికి చిందరవందరగా ఉంటుంది గానీ ఆ చిందరవందర కాగితం మీద గీసి చేసిందే. కాలు విరిగిన దిమ్మె ఒక్కటి వరసలో ఉంటే పక్కవాటికి పట్టు సడలుతుంది. అందుకే తుపాను వెళ్లాక రేవువాళ్లు ముందు చూసుకునేది గోడలనే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా ఈ ఊరి మీదే తీరం దాటింది. ఆ రోజు ఊళ్లో నిలబడిన చెట్టు లేదు. రేవు గోడల బయట సముద్రం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

ఇంత చక్కటి పని ఉచితంగా వచ్చిందనుకోకండి. దక్షిణపు గోడ పెద్దదయ్యాక ఇసుక ఇంకా గట్టిగా ఆగిపోతోంది. దాన్ని తోడి రామకృష్ణా బీచి వైపు పోయడం మానకూడని బాకీ. ఆ బాకీ తీర్చడం ఆలస్యమైనప్పుడల్లా ఆ బీచి దగ్గరున్న కోస్టల్ బ్యాటరీ అనే చోట సముద్రం రోడ్డు పక్కదాకా వస్తుంది. మద్రాసు నుంచి నేర్చుకున్న పాఠం మనమే సగం మరిచిపోతున్నామని నా అనుమానం. 1933 నాటి ఏర్పాటులో గోడ, డ్రెడ్జరు ఒకే పనిలో రెండు చేతులు. గోడ మాత్రం పెంచి రెండో చెయ్యి సాయం తగ్గిస్తే తీరం ఊరుకోదు.

ఓడ గోడల మధ్య నుంచి బయటికి వస్తుండగా ఒక్కసారి ఉత్తరపు ఒడ్డు వైపు తిరగండి. లోపలి కాలువ నోటి దగ్గర మూడు చిన్న కొండలు. ఒకదాని మీద మేరీమాత గుడి, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి ఆలయం. కొలతలు వేసి కట్టినవి కావు గానీ, రేవుకి వచ్చే నావికుడి కళ్లకి ఇంతకంటే మంచి గుర్తులు దొరకవు. రేవు లేని రోజుల్లో ఇటుగా పోయే ఓడలు దర్గా ఎదురుగా జెండాని మూడుసార్లు దించి ఎత్తి సలాము చేసేవని వెనకటి గెజిటీర్ రాతల్లో ఉంది. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ మీద దీపస్తంభం. ఆ కొండ వెనక, లోపలి కాలువలో, మీకు కనిపించని చోట హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉంది. స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద ఓడ జల ఉష 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా నీళ్లలోకి దిగింది అక్కడే. అండమాన్ ప్రయాణికుల్ని మోసే స్వరాజ్ ద్వీప్ కూడా ఆ యార్డులోనే తయారైంది. అండమాన్ ఓడలో రెండు రోజులకు పైగా ప్రయాణం చేసేవాళ్లకి ఈతకొలనులు, కచేరీలు ఉండవు. రేవు దాటే ఆ దారి మాత్రం అదే, వాళ్లు డెక్కు మీదే ఉండి చూస్తారు కూడా.

ఇక మీరెక్కిన ఓడ సంగతీ కాస్త. 2022 జూన్‌లో కార్డెలియా కంపెనీ ఎంప్రెస్ అనే ఓడని విశాఖకి తెచ్చి పుదుచ్చేరి, చెన్నైలకి నడిపింది. ఆ ఓడ 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో తయారైంది. సుమారు 211 మీటర్ల పొడవు, 48 వేలకు పైగా గ్రాస్ టన్నులు. మయామీ నుంచి బహామా దీవులకి మూడు నాలుగు రోజుల పొట్టి ప్రయాణాల కోసమే గీసిన మొదటితరం ఓడల్లో అదొకటి. అందుకే గదులు ఇరుకు, నడిమధ్య అంతస్తుల మీద అంతస్తులుగా తెరిచిన హాలు విశాలం. మూడు రోజులుండే మనిషి గదిలో పడుకోవడానికి తప్ప ఉండడు అని గీసినవాడికి తెలుసు. గది చిన్నదని మొదటి రాత్రి సణిగేవాళ్లు రెండో రాత్రికి ఆ మాట మరిచిపోతారు. ముప్పై ఏళ్లు దాటిన ఓడని పాతదంటూ తీసిపారేసేవాళ్లున్నారు. నాకు ఆ ఫిర్యాదులో పస కనిపించదు. ఓడ వయసు దాని ఇంజన్ల సంరక్షణలో ఉంటుంది, హాలులో తివాచీ రంగులో కాదు. 2023 సెప్టెంబరులో బయటి రేవులో 96 కోట్ల రూపాయలతో ప్రయాణికుల టెర్మినల్ ప్రారంభమైంది. రెండు వేలమంది ఒకేసారి దిగినా సరిపోయేలా కట్టారు. శుభ్రంగా ఉంది, పెద్దగా ఉంది. దాని గురించి అంతకన్నా చెప్పడానికి ఇంకా కథ పుట్టలేదు.

గోడలు వెనకబడ్డాక ఇంకొక్క పని చూడాల్సింది ఉంది. రేవు నుంచి ఓడని బయటికి తెచ్చింది ఓడ కెప్టెన్ ఒక్కడే కాదు, పక్కనే నిలబడి దారి చెప్పిన రేవు పైలట్. ఇక్కడి ఇసుక, ఇక్కడి పోటు, ఇక్కడి గాలి తెలిసినవాడు. ఆయన సముద్రమ్మీదే దిగిపోవాలి. చిన్న పైలట్ పడవ వచ్చి ఓడ పక్కన అదే వేగంతో పరుగెడుతుంది. ఓడ పక్క తలుపు తెరుచుకుని తాటినిచ్చెన కిందికి జారుతుంది. ఆ నిచ్చెన మీద ఒక్క నిమిషం కళ్లు పెట్టండి.

పక్క తాళ్లు మనీలా నారతోనో దానికి సాటి వచ్చే తాడుతోనో చేస్తారు, కనీసం 18 మిల్లీమీటర్ల మందం. చేతికి జారకూడదు. మెట్లు ముడి లేని గట్టి కర్రతో చేసినవి, పైన గరుకు. మెట్టుకీ మెట్టుకీ 31 నుంచి 35 సెంటీమీటర్ల ఎడం. కిందనున్న నాలుగు మెట్లు రబ్బరువి కావచ్చు, ఎందుకంటే పడవ వచ్చి తగిలేది అక్కడే. కింది నుంచి అయిదో మెట్టు మాత్రం మిగతావాటిలా పొట్టిగా ఉండదు. 1.8 మీటర్లకి తక్కువ కాకుండా రెండు పక్కలా చాచి ఉంటుంది. ఓడ ఒరిగినప్పుడు నిచ్చెన మెలిపడి మనిషిని ఓడ పక్కకేసి తిప్పి కొట్టకుండా కాపాడేది ఆ పొడుగు మెట్టే. అలాంటిది ప్రతి తొమ్మిది మెట్లకి ఒకటైనా ఉండాలి. మొత్తం ఎక్కడం తొమ్మిది మీటర్లు దాటితే తాటినిచ్చెనకి తోడు పక్కమెట్ల వంతెన కూడా దించాలి. ఇవన్నీ ప్రపంచమంతటా ఒకటే నియమాలు. కంప్యూటర్లూ ఉపగ్రహాలూ వచ్చాక కూడా తాటినిచ్చెన పోలేదు. ఎందుకు పోలేదంటే, ఓడకీ పడవకీ మధ్య కెరటం ఎప్పుడు లేస్తుందో ఉపగ్రహం చెప్పదు. పడవ కెరటం మీద పూర్తిగా లేచిన క్షణంలో పైలట్ కాలు వదలాలి. అర సెకను ఆలస్యమైతే పడవ కిందికి పోతుంది, ఆయన గాల్లో మిగులుతాడు. ఆ క్షణాన్ని ఎంచుకోవడం చూస్తే, పాత మసూలా పడవలవాళ్లు కెరటం వెన్ను చూసి తెడ్డు వేసిన విద్యే చెయ్యి మారి ఇక్కడికి వచ్చిందా అనిపిస్తుంది. ఆయన పడవలో కాలు పెట్టి ఓసారి చెయ్యి ఊపి వెళ్లిపోతాడు. ఓడ మీద చప్పట్లు కొట్టేవాడెవడూ ఉండడు, అందరూ హాల్లో ఉంటారు కాబట్టి.

ఓడ దక్షిణానికి తిరిగితే తీరం కుడి చేతివైపు ఉంటుంది. గంగవరం రేవు దీపాలు, వాటి వెనక ఉక్కు కర్మాగారం మీద ఆకాశంలో ఎర్రటి వెలుగు. కాసేపు కనిపించి అవీ పోతాయి. అప్పుడు భోజనానికి వెళ్లొచ్చు. అప్పటికి హాల్లో తిండేమీ అయిపోదు. మొదటిసారి ఎక్కేవాళ్లకి ఇంకో మాట. నైరుతి గాలుల నెలల్లో బంగాళాఖాతం కాస్త కుదుపు చూపిస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో తుపాను వార్తలు చూసుకుని టికెట్ కొనండి. గోడల లోపలున్న నిశ్శబ్దాన్ని బయటి సముద్రం నుంచి ఆశించకండి.

విశాఖ పోర్టువారికి ఒక విన్నపం. 96 కోట్ల టెర్మినల్‌లో ఒక గోడ ఖాళీగానే ఉంటుంది. అక్కడ రేవు పటం ఒకటి గీయించండి. ఇసుక ఎటునుంచి ఎటు నడుస్తుందో బాణపు గుర్తులు వేయించండి. జానస్, వెలెడ్‌సన్ ఎక్కడ దిగాయో, ఎందుకు దిగాయో తెలుగులో నాలుగు వాక్యాలు రాయించండి. ఓడెక్కే పిల్లల్లో ఒక్కరైనా భోజనం మానుకుని డెక్కు మీదికి పరుగెడతారు.